వంటింటికి ఇన్‌స్పెక్టరు మీరే!

“ఏం చేస్తుంటారు?” అని ఎవరైనా అడిగితే “ఇంట్లోనే ఉంటానండీ” అనేస్తాం కదూ! కానీ పొద్దున్నే పాలు కాచింది మొదలు రాత్రి గట్టు తుడిచేదాకా మనం పనిచేసే చోటు వంటిల్లే. ఫ్యాక్టరీలో యంత్రాలున్నట్టే మనకీ గ్యాసు, కుక్కరు, మిక్సీ, గ్రైండరు ఉన్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకరమైన యంత్ర భాగాలకు కంచె ఉండాలంది, తనిఖీకి ఇన్‌స్పెక్టర్లను పెట్టింది. మన వంటింటికి మాత్రం ఎవరూ రారు. ఆ ఉద్యోగమూ మనదే!

కట్టెల పొయ్యి రోజులు గుర్తున్నాయా? గొట్టంతో ఊదీ ఊదీ కళ్లు మండేవి, ఆ పొగ ఊపిరితిత్తులను పాడుచేసేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్వల పథకం వచ్చి ఎన్నో ఇళ్లకు గ్యాసు చేరింది. పొగ బాధ తగ్గింది, సంతోషమే. అయితే పొగ కంటికి కనిపించేది, గ్యాసు కనిపించదు!

మా పక్కింటి పిన్నిగారు ఒకరోజు తెల్లవారుజామున వంటింట్లోకి వెళ్లగానే గ్యాసు వాసన వచ్చింది. అలవాటుగా లైటు స్విచ్చి మీదకు చెయ్యి పోయింది. వెనకే వస్తున్న అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, గ్యాసు భగ్గుమనడానికి.

వంటగ్యాసుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలనే ఆ ఘాటు వాసన కలుపుతారు. అది గాలికన్నా బరువు, అందుకే నేలమీద పరుచుకుంటుంది. వాసన రాగానే ఏం చేయాలంటే:

• ఏ స్విచ్చీ వేయకండి, వెలుగుతున్న లైటు ఆర్పకండి కూడా. ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికీ పోవద్దు.

• పొయ్యి, దేవుడి దగ్గర దీపం, అగరొత్తులు ఆర్పేయండి.

• రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరవండి.

• అందరినీ బయటకు పంపి, బయటినుంచే 1906కు ఫోన్ చేయండి.

లీకేజీ అనుమానముంటే ట్యూబుకు సబ్బునీళ్లు రాసి చూడండి, బుడగలొస్తే లీకే. అగ్గిపుల్లతో మాత్రం ఎన్నడూ చూడకండి! ట్యూబు పగుళ్లిస్తే వెంటనే మార్పించండి.

ఇక కుక్కరు. పప్పు సగానికి మించి పోయకండి. నురగ పొంగి ఆవిరి గొట్టం మూసుకుపోవచ్చు. మూత పెట్టేముందు ఆ గొట్టంలోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడండి. ఆవిరి పోకుండా మూత లాగొద్దు.

మిక్సీలో వేడివేడివి రుబ్బితే ఆవిరికి మూత ఎగిరి మొహాన పడొచ్చు, చల్లారనివ్వండి. జారులో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీసేయండి. తడిచేత్తో ప్లగ్గు ముట్టుకోకండి. గ్రైండరుకు కంచె లేదుగా, మరి కొంగు బిగించి, జడ ముడివేసుకోవడమే మన కంచె!

ఇవన్నీ మీకొక్కరికే తెలిస్తే చాలదు సుమా! రెగ్యులేటరు ఎలా కట్టేయాలో శ్రీవారికీ, ఎదిగిన పిల్లలకీ చూపించండి. ఈ రాత్రి పడుకోబోయేముందు మీ తనిఖీ మొదలుపెట్టండి. ఇంతకీ రెగ్యులేటరు కట్టేశారా?