సెలైన్ బాటిల్ బలం మందు కాదు

నీరసంగా ఉందంటే చాలు, మన ఊళ్లలో మొదట వినిపించే మాట 'ఒక సెలైన్ పెట్టించుకో'. ఆర్‌ఎంపీని అడిగి మరీ ఎక్కించుకునేవాళ్లున్నారు. ఇంతకీ అందులో ఏముంటుంది? అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నీళ్లు, 4.5 గ్రాముల ఉప్పు. అంతే. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెబుతోంది. 'గ్లూకోజ్ బాటిల్' సంగతీ అంతే. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరులో చక్కెర 25 గ్రాములు. ఒక అరటిపండు తిన్నా ఇంచుమించు అంత శక్తి వస్తుంది.

ఆరోగ్యవంతుల కిడ్నీలు ఈ అదనపు ఉప్పునూ నీటినీ బయటికి పంపేస్తాయి. గుండె బలహీనపడినవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం మొదలవుతుంది. తలకు దెబ్బ తగిలినవారికి డెక్స్‌ట్రోజ్ సాధారణంగా పెట్టరు. అందులోని చక్కెరను శరీరం వాడేసుకున్నాక మిగిలేది ఉత్త నీరు, అది మెదడు వాపును పెంచుతుంది. అదే షుగర్ పడిపోయి స్పృహ తప్పినవారికి గ్లూకోజే ప్రాణాధారం. కాకపోతే వాళ్లకిచ్చేది చాలా చిక్కనిది.

అన్నిటికంటే చిక్కు డెంగీతోనే. జ్వరం తగ్గగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కొందరికి అసలు గండం అప్పుడే మొదలవుతుంది. రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారి రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోవచ్చు. ఆ 24 నుంచి 48 గంటలు సెలైన్ గానీ రింగర్ లాక్టేట్ గానీ కొలిచి ఎక్కించాలి. నాడి, మూత్రం, హెమటోక్రిట్ చూస్తూ డ్రిప్ వేగం మారుస్తుండాలి. ఆ తర్వాత కారిన ద్రవం తనంతట తానే రక్తంలోకి తిరిగొస్తుంది. అప్పుడూ డ్రిప్ అలాగే నడిపిస్తే నిన్న కాపాడిన సీసాయే ఇవాళ ప్రాణం మీదికి తెస్తుంది. బంధువులేమో ప్లేట్‌లెట్ల లెక్క పట్టుకుని కూర్చుంటారు!

విరేచనాలకు మాత్రం చాలాసార్లు సూదే అక్కర్లేదు. 1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులతో నిండిన బన్‌గావ్‌లో కలరా ప్రబలి సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, బేకింగ్ సోడా కలిపిన నీటిని తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. గ్లూకోజ్ తోడుంటే పేగు సోడియాన్ని పీల్చుకుంటుంది, దాని వెంటే నీరూ వెళుతుంది. చక్కెర మోతాదు మించితే కథ అడ్డం తిరుగుతుంది: నీరు పేగులోకే వచ్చి విరేచనాలు పెరుగుతాయి. 'ఓఆర్‌ఎస్' పేరుతో అమ్మే తీపి పానీయాలపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడింది ఇందుకే. అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. మందుల షాపులో అడగాల్సింది డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని లీటరు మంచినీళ్లలో ఒకేసారి కలపాలి. వాంతులతో ఏమీ నిలవకపోయినా, మనిషి మగతగా మారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సీసా అవసరం అప్పుడు.