పాచిపళ్ల దాసరి చేతికి మైకొస్తే

2015 ఫిబ్రవరి 1. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా జరిగే తుది సమరం సూపర్ బౌల్ ఆఖరి సెకన్లలో ఉంది. సియాటిల్ సీహాక్స్ జట్టు గోల్ గీతకు ఒక్క గజం దూరంలో నిలబడింది. బంతి చంకన పెట్టుకుని తోసుకుంటూ పోతే కప్పు దాదాపు వాళ్లదే. కోచ్ పీట్ కారల్ మాత్రం బంతి విసరమన్నాడు. అవతలి జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆటగాడు మాల్కం బట్లర్ మధ్యలో దూరి దాన్ని లాగేసుకున్నాడు. ఆట అక్కడితో సరి. ఉత్తమ ఆటగాడిగా నిలిచిన టామ్ బ్రేడీకి ఒక ట్రక్కు బహుమతిగా వచ్చింది. మమ్మల్ని గెలిపించింది బట్లరే కాబట్టి అది అతనికే ఇస్తానన్నాడు బ్రేడీ.

ఇందులో జోకు ఎక్కడుందో పాఠకులకు ఈపాటికి తట్టే ఉంటుంది. పేట్రియట్స్‌ను గెలిపించిన వాడికే ట్రక్కు ఇవ్వాలనుకుంటే, అది పీట్ కారల్ ఇంటికి పోవాలి కదా!

అలెక్స్ కేసెబర్గ్ అనే జోకుల రచయితకూ అదే తట్టింది. ట్విటర్లో పెట్టాడు. మర్నాడు టీవీ వ్యాఖ్యాత కోనన్ ఓబ్రయన్ తన కార్యక్రమంలో అదే జోకు వేశాడు. అలాంటివే మరికొన్ని కలిపి, కోనన్ బృందం తన జోకులు కాజేసిందని కేసెబర్గ్ కోర్టుకెక్కాడు. వార్తల మీద అల్లిన జోకుకు చట్టరక్షణ బాగా పలచన అని, దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాస్తేనే ఉల్లంఘన అవుతుందని 2017లో న్యాయమూర్తి అన్నారు. అయినా కేసు కొట్టేయలేదు. ముదిరి ముదిరి, 2019 మేలో సరిగ్గా విచారణ మొదలయ్యే ముందు ఇద్దరూ రాజీ పడ్డారు. మేమేమీ దొంగిలించలేదనీ, ఒకే వార్త చూసిన చాలామందికి ఒకే జోకు తట్టడం సహజమనీ కోనన్ ఆ తర్వాత ఒక వ్యాసమే రాశాడు.

ఇద్దరిలో ఎవరిది న్యాయమో తేల్చడం ఇప్పుడు అనవసరం. ఆ జోకు ఎంత తేలిగ్గా తడుతుందో చూడండి, అదీ సంగతి. స్టాండప్ కామెడీలో సొంతదనం గురించిన పేచీలన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. మొదట తట్టిన ఆలోచన ఊరందరికీ తట్టేదే.

చట్టం ఈ విషయంలో పెద్దగా చేయగలిగింది లేదు. కాపీరైట్ వాక్యాలకే గానీ ఆలోచనకు ఉండదు. మన దేశంలో 1957 నాటి చట్టమూ అంతే. ఒక నాటకం ఇతివృత్తంతో సినిమా తీశారంటూ నడిచిన ఆర్.జి.ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇదే మాట తేల్చి చెప్పింది. నాటకానికి కనీసం పాత్రలున్నాయి, సన్నివేశాలున్నాయి. జోకు అంటే రెండు ముక్కలు. అందులో నాలుగు మాటలు అటూ ఇటూ మారిస్తే కోర్టు ముందు నిలిచేదేమీ మిగలదు. పైగా లాయరు ఫీజు జోకు సంపాదనకు వందరెట్లు.

మరి కమెడియన్లు ఏం చేస్తారు? వాళ్లే పంచాయితీ పెట్టుకుంటారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించిన డోటన్ ఓలియార్, క్రిస్టఫర్ స్ప్రిగ్మన్ ఇద్దరూ కమెడియన్లను కూర్చోబెట్టి మాట్లాడించి, 2008లో ఈ అలిఖిత రాజ్యాంగాన్ని బయటపెట్టారు. అందులో కొన్ని కట్టుబాట్లు కోర్టులకు లేనంత స్పష్టంగా ఉన్నాయి. ఒకడు ఎత్తుగడ చెప్పి, పక్కవాడు దానికి పంచ్ అందిస్తే జోకు ఎవరిది? ఎత్తుగడ చెప్పినవాడిదే, పంచ్ ఇచ్చినవాడు చేతులు దులుపుకోవాల్సిందే. ఇద్దరి జోకులూ కలిశాయని తెలిస్తే ఇద్దరూ మాట్లాడుకుని ఒకరు వదిలేస్తారు. వినకపోతే మొదట గుసగుసలు, తర్వాత వెలి. అతనితో ఒకే వేదిక మీద ఆడం అంటారు. అప్పుడప్పుడూ చెయ్యి చేసుకోవడమూ ఉంది.

ఈ పంచాయితీ అందరూ చూస్తుండగా జరిగింది 2007 ఫిబ్రవరిలో. లాస్ ఏంజెలెస్‌లోని కామెడీ స్టోర్ వేదిక మీద కమెడియన్ జో రోగన్, అప్పటికి టీవీలో సొంత కార్యక్రమం నడుపుతున్న కార్లోస్ మెన్సియాను ముఖం మీదే జోకుల దొంగ అన్నాడు. మెన్సియా కాదన్నాడు. ఇద్దరూ ప్రేక్షకుల ముందే కీచులాడుకున్నారు. ఆ వీడియో ఇంటర్నెట్లోకెక్కి లక్షలమంది చూశారు. తమాషా ఏమిటంటే వెంటనే దెబ్బ తగిలింది ఆరోపించిన వాడికే. కామెడీ స్టోర్ రోగన్‌ను రావద్దంది, అతను మళ్లీ అక్కడ అడుగుపెట్టడానికి 2014 దాకా పట్టింది. మెన్సియా పేరు మాత్రం దొంగ అన్న మాట లేకుండా వినబడని స్థితికి వచ్చింది.

ఆ వీడియోలో రోగన్ చూపిన సాక్ష్యాల్లో ఒకటి సరిహద్దు గోడ జోకు. మెక్సికో వలసలను ఆపడానికి గోడ కడతారట, సరే, ఆ గోడ కట్టే కూలీలు ఎవరు? ఇదీ జోకు. నిజానికి దీన్ని ఇంకొందరు కమెడియన్లూ వేసి ఉన్నారు. బ్రేడీ ట్రక్కులాగే ఇదీ దారి పక్కన పడున్న పండు, వంగినవాడికల్లా దొరుకుతుంది. దొంగతనం రుజువు కావాలంటే ఇలాంటివి పనికిరావు. ఎవరికీ తట్టని మెలిక, అనవసరమైన చిన్న వివరం, అదీ మక్కికి మక్కి కనబడాలి. తెలియక జరిగే దొంగతనాలూ ఉంటాయి. మైకు ముందు ఊపులో ఎక్కడో విన్నది నోటికి వచ్చేసేదని, తర్వాత ఆ జోకుల సొంతదారులకు డబ్బులిచ్చేవాడినని కమెడియన్ రాబిన్ విలియమ్స్ తానే ఒప్పుకున్నాడు.

జోకు ఒకరి సొత్తు అనే పట్టింపు పాతకాలం నుంచీ ఉన్నదేం కాదు. 1739లో లండన్లో జో మిల్లర్ పేరుతో ఒక జోకుల పుస్తకం వచ్చింది. మిల్లర్ అంతకుముందు ఏడాదే చనిపోయిన నటుడు. 247 జోకుల్లో అతనితో సంబంధం ఉన్నవి మూడే! పుస్తకం ఎన్ని ముద్రణలు పొందిందంటే, చివరికి ఇంగ్లిష్‌వాళ్లు పాచిపోయిన జోకునే 'జో మిల్లర్' అనడం మొదలెట్టారు. మన తెనాలి రామకృష్ణుడికి జరిగిందీ ఇలాంటిదే. ఎవరో చెప్పిన చాటువు, ఎక్కడిదో చమత్కారం, అన్నీ తెచ్చి ఆయన ఖాతాలో వేశాం. ఊరికే తిరిగే హాస్యానికి ఒక పెద్ద పేరు తగిలిస్తే గౌరవం కదా.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో వాడెవిల్ అనే వినోద ప్రదర్శనల నాటకశాలల్లోనూ అంతే. ఒకే పన్నెండు పదిహేను నిమిషాల ఆటను కమెడియన్లు ఊరూరా తిప్పి ఏళ్ల తరబడి బతికారు. ఈ ఊళ్లో చెప్పిన జోకు ఆ ఊరికి తెలిసే దారి లేదు. మిల్టన్ బర్ల్ అనే కమెడియన్ పరుల జోకులు వాడుకోవడంలో ఎంత పేరుబడ్డాడంటే, ఆ పేరును తనే ఒక జోకుగా చేసుకుని బతికాడు.

అలాంటి సరుకు ఎలా ఉండేదో తెలియాలంటే వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర మ్యూజియం సేకరణ చూడాలి. అక్కడ ఫిలిస్ డిల్లర్ అనే కమెడియన్ ఇనుప బీరువా ఉంది. 48 సొరుగులు, అవి చాలక ఇంకో మూడు. లోపల 52 వేలకు పైగా అట్టముక్కలు, ఒక్కో దాని మీద టైపు కొట్టిన ఒక్కో జోకు, విషయాల వారీగా అక్షరక్రమంలో. 1955లో, 37 ఏళ్ల వయసులో వేదికెక్కిన ఈ గృహిణి కూడబెట్టిన ఆస్తి అది. అన్నీ ఆమె రాసినవి కావు. కొన్ని కార్డుల మీద జోకు రాసి అమ్మినవాళ్ల పేర్లున్నాయి. కొనుక్కున్న జోకు మీద రాసినవాడి పేరు భద్రంగా ఉంచిన ఆ పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. వంట, మొగుడు, ఇంటి చాకిరీ అన్నీ ఆ సొరుగుల్లో ఉన్నాయి. ఎవరైనా తీసుకుని ఎవరి గొంతుతోనైనా చెప్పుకోవచ్చు.

ఆ ధోరణి విరగడం మొదలైంది 1953 ప్రాంతంలో. శాన్ ఫ్రాన్సిస్కోలోని 'హంగ్రీ ఐ' అనే చిన్న క్లబ్బులో మోర్ట్ సాల్ అనే కుర్రాడు స్వెట్టర్ తొడుక్కుని, చేతిలో దినపత్రిక పట్టుకుని ఆనాటి రాజకీయాల మీద మాట్లాడటం మొదలెట్టాడు. తర్వాత లెన్నీ బ్రూస్, రిచర్డ్ ప్రయర్, జార్జ్ కార్లిన్. జోకు ఎప్పుడైతే మనిషి బతుకుతో ముడిపడిందో, దాన్ని ఎత్తుకెళ్లడం అప్పుడే దొంగతనమైంది. కార్లిన్ 1977 నుంచి 2008 దాకా హెచ్‌బీఓలో 14 ప్రత్యేక ప్రదర్శనలు ఇచ్చాడు. ఒకటి టీవీలో వస్తే ఆ సరుకు అవతల పడేసి కొత్తది రాసుకోవడమే.

దొంగతనం కన్నా పెద్ద జబ్బు ఇంకోటుంది. దానికి పంచాయితీ కూడా లేదు. అదే ఊకదంపుడు. విమానంలో పెట్టే తిండి, అత్తగారు, మగవాళ్లూ ఆడవాళ్లూ కారు నడిపే తీరు... ఇవి ఎవరివీ కావు కాబట్టి ఎవరూ పట్టుకోరు. బ్రిటన్‌లో కార్మికుల క్లబ్బుల్లో అత్తగారి మీద, నల్లవాళ్ల మీద జోకులు దశాబ్దాలు నడిచాయి. 1979లో లండన్‌లోనూ కామెడీ స్టోర్ అనే క్లబ్బు మొదలయ్యాక అక్కడ గుమిగూడిన కుర్రకారు ఆ రెండూ వద్దనుకున్నారు. కేవలం మర్యాద కోసం కాదు, విని విని చెవులు చిల్లులు పడ్డాయి కాబట్టి కూడా.

మన దేశపు ఓపెన్ మైకుల్లో ఇప్పుడు ఆ స్థానం ఇంజినీరింగ్‌ది. నాన్న చదవమన్నాడు, చదివాను, ఉద్యోగం మానేసి ఇక్కడ నిలబడ్డాను. తర్వాత శర్మగారి అబ్బాయితో పోలిక, ఆ తర్వాత పెళ్లిచూపులు. హైదరాబాద్ కఫేలో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ కలిపి కొట్టినా, డల్లాస్‌లో మనవాళ్ల సభలో వీసా కష్టాలు తగిలించినా సరుకు అదే. వాట్సాప్‌లో రోజూ తెల్లారేసరికి దిగే భార్యాభర్తల జోకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాడిందే పాటరా పాచిపళ్ల దాసరా అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంజినీరింగ్ మీద జోకు వేయకూడదని దీని అర్థం కాదు. తప్పు విషయంలో లేదు, మొదటి మలుపు దగ్గరే ఆగిపోవడంలో ఉంది. దీనికి మన కనిగిరిలో పుట్టిన మనిషే సాక్షి. జానుమల జాన్ ప్రకాశరావు ముంబైలో పెరిగి, హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పనికి చేరాడు. ఓసారి కంపెనీ వేడుకలో పై అధికారులను ఒక్కొక్కరినే అనుకరించి చూపించాడు. కార్మికులు ఆనందం పట్టలేక అతనికి పెట్టిన పేరే జానీ లీవర్. పై అధికారిని వెక్కిరించడం లోకంలో అతి పాత హాస్యం. కానీ ఆ అధికారి నడక, ఆ ఫ్యాక్టరీ తిట్టు బయటివాడెవడూ ఎత్తుకెళ్లలేడు, ఎత్తుకెళ్లినా అతనికి పనికిరావు. సినిమా తారల మిమిక్రీ మాత్రం అందరిదీ అయిపోయింది. 2005లో స్టార్ వన్‌లో వచ్చిన 'గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ ఛాలెంజ్'లో రాజు శ్రీవాస్తవ్ నిలిచిందీ గజోధర్ అనే ఉత్తరాది పల్లెటూరి మనిషి వల్లే.

ఇంకా మొండి ఉదాహరణ కావాలంటే 2005లోనే వచ్చిన 'ది అరిస్టోక్రాట్స్' డాక్యుమెంటరీ చూడొచ్చు, పిల్లల్ని పక్క గదిలోకి పంపి మరీ. సినిమా అంతా ఒకే ఒక్క బూతు జోకు. దాదాపు వందమంది ఒకరి తర్వాత ఒకరు దాన్ని చెబుతారు, లేదా దాని గురించి మాట్లాడతారు. ముగింపు అందరికీ తెలుసు, పైగా చప్పటి ముగింపు. అయినా మధ్యలో ఎవరేం అల్లుతారో అన్నదాంట్లోనే మనిషి తేడా తెలిసిపోతుంది.

పేరొచ్చాక కూడా కొత్తది రాయడం ఎంత కష్టమో జెర్రీ సైన్‌ఫెల్డ్‌ను చూస్తే తెలుస్తుంది. 1998 ఆగస్టులో న్యూయార్క్ నుంచి వచ్చిన టీవీ ప్రదర్శనలో తన పాత జోకులన్నీ ఆఖరిసారి చెప్పేశాడు. ఆ ప్రదర్శన మొదట్లో వాటికి ఉత్తుత్తి అంత్యక్రియలు కూడా జరిపించాడు. ఆ తర్వాత సున్నా నుంచి మొదలెట్టిన అతన్ని 2002 నాటి 'కమెడియన్' డాక్యుమెంటరీ వెంబడిస్తుంది. అమెరికా టీవీలో అందరికన్నా పేరున్న హాస్యనటుడు చిన్న క్లబ్బులో కాగితం చూసుకుంటూ, మధ్యలో మర్చిపోయి నీళ్లు నములుతాడు. నెలల తరబడి కష్టపడితే కొన్ని నిమిషాల సరుకు తయారవుతుంది. అలా తయారైన సరుకు వీడియోలో ముప్పై సెకన్లు కత్తిరించి పేరు తీసేసి పంపడానికి మనకు పట్టేది ఒక్క వేలి నొక్కు.

2019 ఫిబ్రవరిలో అమెరికా కమెడియన్లు ఇలాంటి పనే చేసే ఒక ఇన్‌స్టాగ్రామ్ ఖాతా మీద తిరగబడ్డారు. కోటిమందికి పైగా అనుచరులున్న ఆ ఖాతా ఊరందరి జోకులూ ఏరుకుని పెట్టి ప్రకటనల మీద సంపాదించేది. దాన్ని వదిలేయండని కమెడియన్లు పిలుపునిస్తే లక్షలమంది వదిలేశారు. ఇక రాసినవాళ్ల అనుమతి లేకుండా పెట్టనని యజమాని క్షమాపణ చెప్పుకున్నాడు. కోర్టుకు చేతకానిది ప్రేక్షకులకు చేతనైంది. ఈసారి నచ్చిన జోకును ఫార్వర్డ్ చేసేటప్పుడు, దాని కింద రాసినవాడి పేరుంటే దయచేసి చెరపకండి.