మూశామా, మూసి ఉందా?

షిఫ్టు మారే వేళ రిజిస్టరులో వ్రాసే ఒక్క వాక్యాన్ని గురించి ముచ్చటించదలచాము. కొంతకాలం క్రితం ఒక రాత్రి మా విభాగంలో విధులకు వచ్చినవారికి 'ది వాల్వ్ వాజ్ క్లోజ్డ్' అన్న నమోదు కనిపించింది. మూశారు, సరే. తరువాత తెరిచారా, ఇంకా మూసే ఉందా? వ్రాసినవారు అప్పటికే ఇల్లు చేరారు. టార్చిలైటుతో వెళ్ళి చూసి వచ్చేసరికి అరగంట గడిచింది. 'హ్యాజ్ బీన్ క్లోజ్డ్' అని వ్రాసి ఉంటే, మూశారనీ, వ్రాసే వేళకు మూసే ఉందనీ తేటపడేది. (రిజిస్టరు ఏమి చెప్పినా కంటితో చూసుకోక తప్పదు, అది వేరే మాట.) మన పిల్లలు బడిలో వల్లెవేసే ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ టెన్స్ ఇదే.

1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై జరిగిన ప్రమాదంలో 167 మంది మరణించారు. ఒక పంపుకు సంబంధించిన సేఫ్టీ వాల్వును మరమ్మతుకై విప్పారన్న సంగతి రాత్రి షిఫ్టువారికి అందలేదు. వారు ఆ పంపును నడిపారు. అక్కడి లోపం వ్యాకరణానిది కాదు. అయినా, అందవలసిన కబురు మాత్రం ఈ కోవలోనిదే: విప్పారు, ఇంకా బిగించలేదు.

ఈ భావం తెలుగువారికి కొత్తది కాదు. 'తలుపు వేశాను', 'తలుపు వేసి ఉంది' అన్నవాటి తేడా మన ఇంట పసివారికి సైతం తెలుసు. ఆఫీసరుగారు ఢిల్లీ 'వెళ్ళారు' అంటే 'హ్యాజ్ గాన్', ఇంకా అక్కడే ఉన్నారు. 'వెళ్ళివచ్చారు' అంటే 'హ్యాజ్ బీన్'. చిక్కల్లా మనం చాలా చోట్ల ఒక్క 'చేశాను'తోనే పని గడుపుకోవడం వల్ల వస్తున్నది. 'భోంచేశారా?' అని ఇంటికి వచ్చినవారిని అడిగేటప్పుడు మనకు కావలసింది వారు ఎప్పుడు తిన్నారన్నది కాదు, ఇప్పుడు వడ్డించాలా అన్నది. కనుక 'హ్యావ్ యూ ఈటెన్?' అనాలి. నిన్నటి పెళ్ళిభోజనం సంగతైతే 'డిడ్ యూ ఈట్?' (అమెరికాలో ఉన్న మన పిల్లలు మొదటి సందర్భంలోనూ 'డిడ్' అంటే తప్పుపట్టకండి, అక్కడి వాడుక అది.)

నిన్న, పోయిన వారం, 1995లో అంటూ గడిచిన కాలాన్ని పేర్కొన్న వాక్యంలో 'హ్యావ్'కు చోటులేదు. 'ఐ హ్యావ్ సబ్మిటెడ్ ది బిల్ యెస్టర్‌డే' అని మేమూ ఏళ్ళతరబడి వ్రాసినవారమే.

మరొక చిక్కు 'నుంచి'. పదేళ్ళ నుంచి అన్నా, 1996 నుంచి అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో మొదటిదానికి 'ఫర్', రెండవదానికి 'సిన్స్'. 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' అన్నది సరికాదు. 'ఐ హ్యావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్' అనాలి.

అభ్యాసానికి పుస్తకమే అక్కరలేదు. రాత్రి పడుకోబోయే ముందు గ్యాసు కట్టారా, మోటారు ఆపారా, తాళం వేశారా అని పిల్లలచేత ఇంగ్లీషులో అడిగించండి; పెద్దలు 'హ్యావ్'తోనే బదులు చెప్పాలి. మా ఇంట మొదటిరోజు మూడింటికీ 'యెస్, ఐ హ్యావ్' అని దర్జాగా చెప్పాము. మా అమ్మాయి వెళ్ళి చూసివచ్చింది. మోటారు నడుస్తూనే ఉంది.