గాలి హోరులో గొంతు వినిపించాలంటే...

న్యూఢిల్లీ: లడఖ్ కనుమల్లోనో, కన్యాకుమారి తీరంలోనో తీసిన యాత్రా వీడియోలో దృశ్యం కనువిందు చేసినా, మాట గాలి హోరులో కలిసిపోతే శ్రమ, ఖర్చు రెండూ వృథాయే. మళ్లీ అంత దూరం వెళ్లి చిత్రీకరించడం అందరికీ సాధ్యం కాదు. అందువల్ల తక్కువ ధరలో విడి మైకు కొనదలచినవారు ముందుగా గమనించవలసింది నోటికి, మైకుకు మధ్య ఉండే దూరాన్ని.

ఆరుబయట ఈ దూరం రెట్టింపయితే మైకును చేరే మాట సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గాలి హోరు మాత్రం తగ్గదు. కనుక దూరాన కెమెరాపై అమర్చిన ఖరీదైన మైకు కంటే చొక్కాకు తగిలించుకున్న చవక మైకే మాటను స్పష్టంగా అందుకోగలదు. బోయా సంస్థ బీవై-ఎం1 ఈ కోవలోనిదే. ఫోనుకు, కెమెరాకు కూడా పనికివచ్చే ఈ మైకుకు 6 మీటర్ల తీగ ఉంటుంది. అయితే తిరుగుతూ మాట్లాడేవారికి ఆ తీగే అడ్డంకి.

కెమెరాను చేతపట్టుకుని తమను తామే చిత్రీకరించుకునేవారికి రోడ్ సంస్థ 2015లో విడుదల చేసిన వీడియోమైక్రో వంటివి అనువైనవి. 42 గ్రాముల ఈ మైకుకు బ్యాటరీ అక్కరలేదు. కెమెరా నుంచే విద్యుత్తు అందుతుంది.

ఏది కొన్నా బొచ్చు తొడుగు తప్పనిసరి. స్పాంజి తొడుగు చిరుగాలిని మాత్రమే ఆపగలదు. బొచ్చు పోగులు మైకును తాకకముందే గాలి వేగాన్ని తగ్గిస్తాయి. ఒకసారి రికార్డయిన హోరును తరువాత పూర్తిగా తొలగించడం కష్టం.

ప్లగ్గునూ పరిశీలించాలి. దానిపై రెండు వలయాలుంటే సాధారణంగా కెమెరాకు, మూడుంటే ఫోనుకు ఉద్దేశించినదని గుర్తు. ప్రయాణానికి ముందే ఇంటి డాబాపై, గాలి వీచే వేళ ఒకసారి రికార్డు చేసి వినడం మేలు.