పదహారు చుక్కల మనిషి

1987 డిసెంబరులో జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ విడుదల చేసిన ‘ఫైనల్ ఫాంటసీ’ వీడియో గేమ్‌లో యుద్ధానికి దిగే వీరుడి వెడల్పు 16 చుక్కలు (పిక్సెళ్ళు), ఎత్తు 24. వాడుకోవడానికి ఉన్నవి మూడు రంగులు. అంతకు మించితే నింటెండో వారి ఫామికామ్ యంత్రం ఒప్పుకోదు. చిత్రకారుడు యోషిటాకా అమానో ఎగిరే జుట్టుతో, దారాల్లాంటి సన్నని గీతలతో పాత్రలను కాగితం మీద గీస్తే, వాటిని ఆ కాస్త చోటులో ఇమిడ్చే పని కజుకో షిబుయా చేతికొచ్చింది. ఆమె తీర్చిన నల్ల మాంత్రికుణ్ణి చూడండి. పెద్ద టోపీ, నీలి అంగీ, చీకటి ముఖం, అందులో రెండు కళ్ళు. ముక్కూ నోరూ లేవు, ఆ లోటూ కనిపించదు. ఈ ఆటల వరుసలో 2000లో వచ్చిన తొమ్మిదో భాగంలోని వీవీ అనే పాత్రదీ అదే ముఖం.

యంత్రానికి ఇంకో ఇబ్బంది ఉంది. తెర మీద ఒక్కో అడ్డ వరుసలో 8 చుక్కల వెడల్పున్న కదిలే ముక్కలు ఎనిమిదే పడతాయి, తొమ్మిదోది కనిపించదు. పెద్ద రాక్షసుణ్ణి అలాంటి ముక్కలతో కట్టడం కుదరదు. అందుకే ఆ ఆటలో శత్రువులను నేపథ్యపు ముక్కలతోనే గీశారు. వాళ్ళు కదలరు, కానీ పెద్దగా, వివరంగా ఉంటారు. కదలికను వదులుకుని రూపాన్ని దక్కించుకున్నారన్నమాట. ఈ వరుస ఆటల బొమ్మల చరిత్ర అంతా ఇలాంటి బేరాలే అని నా అభిప్రాయం.

తర్వాతి యంత్రం సూపర్ ఫామికామ్‌లో రంగులు పెరిగాయి. నేపథ్యాన్ని తిప్పి, సాగదీసే సౌకర్యం కూడా వచ్చింది. దాంతో 1994 నాటి ఆరో భాగంలో విమానం ఎక్కితే కింది నేల దూరం దాకా వాలి కనిపిస్తుంది. అది నిజానికి చదునైన పటమే.

1997లో ఏడో భాగం సోనీ ప్లేస్టేషన్‌కు మారింది. కారణం సీడీ. నింటెండో తన కొత్త యంత్రానికి కాట్రిడ్జ్‌నే ఉంచుకుంది, స్క్వేర్ తలపెట్టిన బొమ్మలూ వీడియోలూ అందులో పట్టవు. ఆట మూడు సీడీలైంది. అప్పటి యంత్రం నగరాన్నంతా అప్పటికప్పుడు గీయలేదు కాబట్టి, వీధులనూ గదులనూ ముందే పెద్ద కంప్యూటర్ల మీద తయారుచేసి స్థిర చిత్రాలుగా పెట్టారు. ఆ చిత్రం మీద కంటికి కనిపించని త్రిభుజాల వల పరిచారు. కథానాయకుడు క్లౌడ్ నడిచేది ఆ వల మీద. ఆటలోని మిడ్గార్ నగర వీధుల్లో తుప్పు మరక కూడా కనిపిస్తుంది, క్లౌడ్ చేతులకు మాత్రం వేళ్ళుండవు.

2001లో పదో భాగంతో చాలా పరిసరాలను యంత్రమే అప్పటికప్పుడు గీయసాగింది, ముఖాల్లో భావాలు పలికాయి. అదే ఏడాది స్క్వేర్ తీసిన ‘ద స్పిరిట్స్ వితిన్’ సినిమాలో నాయిక తలకు సుమారు 60 వేల వెంట్రుకలు అమర్చారు. సినిమా భారీగా నష్టపోయింది.

యంత్రాలకు బలం పెరిగాక బేరమాడే అవసరం తీరిందనుకుంటే పొరపాటు. 2010లో వచ్చిన ఆన్‌లైన్ ఆట, పద్నాలుగో భాగం, అందుకు సాక్ష్యం. అందులో ఒక పూలకుండీకి పెట్టిన బహుభుజాలు (బొమ్మను కట్టే చిన్న ముక్కలు) ఒక మనిషి బొమ్మకు పెట్టినన్ని ఉన్నాయని, ఆ ఆటను చక్కదిద్దిన దర్శకుడు నవోకి యోషిడా తర్వాత చెప్పారు. వందల మంది కలిసి ఆడే ఆటలో మూలనున్న కుండీకి అంత ఖర్చు పెడితే మనుషులకు చోటెక్కడ మిగులుతుంది? 2012 నవంబరులో ఆ ఆటను మూసేసి, కొత్తగా కట్టి 2013 ఆగస్టులో మళ్ళీ విడుదల చేశారు.

2023 నాటి పదహారో భాగం కళ్ళు చెదిరేలా ఉంటుంది. అయినా కొత్తగా మొదలుపెట్టేవారు ముందు ఆరో భాగం ఆడండి. ప్రధాన భాగాల కథలు వేర్వేరు కాబట్టి వరుస పాటించనక్కర్లేదు. షిబుయా పర్యవేక్షణలో ఆరో భాగపు చుక్కల బొమ్మలను మళ్ళీ తీర్చిదిద్దారు, ఇప్పుడది ఫోన్‌లోనూ దొరుకుతుంది.