రంగుగోళీల యాట: తగిన లోడరు నెన్నుకొనుట

తిరగలి విసరిన చేతులకు నేను క్రొత్తగ చెప్పవలసినది లేదు. గింజలు రాతి వేగమును బట్టి పిడికెడు పిడికెడుగ వేయవలెను. ఎక్కువ వేసినచో పిండి బరకయగును. తక్కువ వేసినచో రాయి రాతిని ఒరయును. గింజ వేయు చేతికిని, రాతిని త్రిప్పు చేతికిని పొత్తు కుదిరిననే పిండి మెత్తగ వచ్చును. ఈ చిన్న సంగతియే, నేను కలనైన తలపని యొక యాటవస్తువును కొనునప్పుడు నాకు మిక్కిలి యుపకరించినది. ఆ యనుభవమును సోదరీమణులతో పంచుకొనుటకే యీ వ్యాసము.

పెయింట్‌బాల్ అను నీ యాట అమెరికాలో పుట్టినది. 1981వ సంవత్సరము జూన్ 27వ తేదీన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమందలి హెన్నికర్ అను నూరి యడవిలో పండ్రెండుగురు పురుషులు తొలిసారిగ దీని నాడిరి. వారు వాడిన సాధనము అడవిలో చెట్లకును, మందలో పశువులకును దూరమునుండి రంగుగుర్తు వేయుటకై చేయబడినది. కావుననే ఆటవారు నేటికిని దానిని తుపాకి యనక మార్కరు, అనగా గుర్తు వేయునది, అని పిలుచుచున్నారు. అందులో వాడు గోళీ 0.68 అంగుళము, అనగా సుమారు 17 మిల్లీమీటర్లు, వ్యాసము గలది. మన పిల్లలాడు గోలీకాయ యంత. పలుచని జిలటిను పొరలో నీట కడిగిన పోవు రంగుండును. అది తగిలి పగిలినచో ఆ యాటగాడు వెలుపలికి పోవలెను. నేడు హైదరాబాదు పరిసరములందును ఈ యాటకు మైదానములు కలవు. అచ్చట సాధనముల నద్దెకిత్తురు. విదేశములందున్న మన బిడ్డలలో కొందఱు సొంత సాధనములు కొనుక్కొని యాడుచున్నారు.

మా పెద్దమ్మాయి కుటుంబము న్యూ జెర్సీలో నున్నది. నేనచ్చట కొన్ని నెలలున్న కాలమున పదునాఱేండ్ల నా మనుమరాలు ఈ యాట నేర్చుకొనుచుండెను. ఎవరో వాడి విడిచిన మార్కరును, దానితో వచ్చిన లోడరును అల్లుడు కొనియిచ్చెను. ఒక ఆదివారము నన్నును ఆట చూచుటకు వెంటబెట్టుకొని పోయిరి. వల కట్టిన తావున కూర్చుండి చూచుచుంటిని. పిల్ల నేలబారుగ ప్రాకిపోయి, ఎదుటివానిని సమీపించి, గుఱిచూచి మీట నొక్కెను. గోళీ రాలేదు. మార్కరు నూపి మఱల నొక్కెను. అంతలో ఎదుటివాని గోళీ ఆమె భుజముపై పగిలెను. ఆనాడు మూడుసార్లిట్లే జరిగెను. ఇంటికి వచ్చునపుడు కారులో, "అమ్మమ్మా, నాకీ యాట రాదు. వచ్చే వారమునుండి మానివేసెదను" అని కిటికీవైపు మొగము త్రిప్పుకొనెను.

అన్నిటికంటె ఖరీదైన లోడరు కొనినగాని లాభము లేదని జట్టులోని పిల్లలు ఆమెతో ననిరట. దాని వెల రెండువందల డాలర్లకు పైమాట. తల్లి "మానిన మేలే" ననెను. నాకు మాత్రము మనసొప్పలేదు. దోసె పెనమున కంటుకొన్నప్పుడు తప్పు పెనముదో, పిండిదో, చేతిదో తెలియకయే "నాకు వంట రాదు" అని కన్నీరు పెట్టుకొన్న కొత్తకోడండ్ర నెందఱనో చూచితిని. ఇచ్చటను తప్పెక్కడ నున్నదో ముందు తెలిసికొందమని మనుమరాలితో చెప్పితిని.

లోడరు చేయు పని

మార్కరు పైభాగమున కోడిగ్రుడ్డు ఆకారమున నొక డొల్ల అమర్చబడి యుండును. అదియే లోడరు. సామాన్యముగ నందు 200 గోళీలు పట్టును. గోళీ యొక్కటి సుమారు 3 గ్రాములు గనుక, నిండు లోడరులో గోళీల బరువే 600 గ్రాములగును. డొల్ల యడుగు మెడగుండ గోళీలు ఒకదానివెంట నొకటి మార్కరులోనికి దిగును. మీట నొక్కగనే బోల్టు అను కడ్డీ గోళీని గొట్టములోనికి త్రోయును. ఒత్తిడిలో నున్న వాయువు దానిని వెడలగొట్టును. గోళీ సగమే దిగియుండగ బోల్టు ముందునకు వచ్చెనేని గోళీ లోపలనే నలిగి పగులును. ఆ రంగు గొట్టమంతయు నంటుకొని, తరువాతి గోళీలు గుఱితప్పి వంకరగ పోవును.

లోడరులు ముఖ్యముగ మూడు తెఱగులు. మొదటిది గ్రావిటీ లోడరు. ఇందు యంత్రమేమియు లేదు. గోళీలు తమ బరువుచేతనే జాఱును. వెల అతిస్వల్పము, చెడునది లేదు, బ్యాటరీ యక్కఱలేదు. కాని దీనికొక దోషము కలదు. గరాటులో శనగలు పోసి చూడుడు. కొన్ని జాఱి, అంతలో రెండు మూడు గింజలు ఒకదాని కొకటి ఒరసికొని వంతెనవలె నిలిచిపోవును. గరాటును తట్టినగాని దిగవు. గ్రావిటీ లోడరునందును సరిగ నిదియే జరుగును.

రెండవది ఎజిటేటరు లోడరు. బ్యాటరీతో తిరుగు చిన్న తెడ్డు గోళీలను కదలించుచు వంతెన కట్టనీయదు. మూడవది ఫోర్స్‌ఫీడ్ లోడరు. ఇది కదలించి యూరకుండక గోళీలను ఒక వరుసగ పట్టి మార్కరులోనికి త్రోయుచుండును. గ్రావిటీ లోడరు సెకనుకు ఏడెనిమిది గోళీల నందించుటయే గొప్ప. మూడవ తెఱగువానిలో కొన్ని ఇరువదికి మించియు నందించును. వెలయు నట్లే పెరుగును.

మార్కరునకు తగినది

ఇచ్చటనే తిరగలి సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మార్కరు ఎంత వేగముగ కాల్చునో తెలియక లోడరు వేగమును కొనరాదు. మీట కొక్కమాఱు గోళీ నొక్కటి వెడలించు యాంత్రికపు మార్కరులో, వేగమునకు హద్దు ఆడువారి వ్రేలే. నేను మఱుసటి ఆదివారము గడియారము చేతబట్టుకొని, మైదానమున గుఱినేర్చు తావున పిల్లచేత తన సహజమైన తీరున కాల్పించితిని. పది సెకనులలో ఇంచుమించు నలుబది గోళీలు పోయెను. అనగా సెకనుకు నాలుగు. ఆ నడుమ రెండుసార్లు గోళీ నిలిచిపోయెను. అంతట సంగతి తేటపడెను. ఆమెకు లేనిది వేగము కాదు, ఎడతెగక దిగుట. సెకనుకు నాలుగు కాల్చు చేతికి ఇరువది యందించు లోడరు, గ్రుక్కెడు నీటికి చెఱువు కొనినట్లగును.

ఎలక్ట్రానిక్ మార్కరుల మాట వేఱు. అవి వ్రేలి తాకుడు మాత్రముననే సెకనుకు పదికి పైగ కాల్చగలవు. వానిలో పెక్కింటియందు కంటికగపడని కిరణము గోళీ దిగినదో లేదో కనిపెట్టుచుండును. దిగనిచో బోల్టును కదలనీయదు. కావున మందమైన లోడరు పెట్టినను గోళీ నలుగదు గాని, మార్కరు వేచియుండవలసి వచ్చును. అట్టిదానికి మూడవ తెఱగు లోడరే తగును. పలుచపొర గోళీలు వాడువారు ఆ త్రోపుడు బలమును తగ్గించుకొను వీలుగల దానిని కొనుట మంచిది. ఒత్తిడి హెచ్చినచో గోళీ మెడలోనే పగులును.

పంపు మార్కరు అను మఱియొక రకము కలదు. అందు ప్రతి గోళీకిని చేతితో వెనుకకు ముందునకు లాగవలెను. దానికి ఏబది గోళీలు పట్టు చిన్న లోడరే చాలును. పది గోళీల సన్నని గొట్టముతోనే యాడు నిష్ఠాపరులును కలరు.

ఆటతీరునకు తగినది

లోడరునకు తగిలి పగిలిన గోళీయు సామాన్యముగ దెబ్బక్రిందనే లెక్కకు వచ్చును. కావున ముందునకు ప్రాకిపోయి చిన్న చాటున నణగియుండు వారికి పొట్టిగ, సన్నముగ, తేలికగ నున్న లోడరు మేలు. వెనుక నిలిచి, శత్రువు తల యెత్తకుండ వరుసగ కాల్చుచు తోడివారిని కాచువారికి పెద్దదియు వేగముగలదియు కావలెను. అడవిలో పొంచి యాడువారు చప్పుడును చూచుకొనవలెను. సగము నిండిన లోడరులో గోళీలు గలగలలాడును. మోటారు చప్పుడును నిశ్శబ్దమున వినవచ్చును. వానలో నాడువారు మూత బిగువుగనున్న దానిని కొనవలెను. త్వరగ నింపుకొనుటకై కొందఱు మూతకు బదులు మెత్తని రెక్కలు బిగింతురు. అవి గోళీలను రానిచ్చినట్లే నీటిని గూడ రానిచ్చును.

ఖర్చు లెక్కయు గృహిణి మఱవరాదు. లోడరు వెల ఒక్కసారి. గోళీల వెల ప్రతి యాటకును. సెకనుకు పది చొప్పున కాల్చినచో 200 గోళీల లోడరు 20 సెకనులలో నడుగంటును. 2000 గోళీల పెట్టెయైనను మూడున్నర నిమిషముల కాల్పునకు చాలదు. వేగమైన లోడరు సంచికి పడిన చిల్లివంటిది. అక్కఱ గలవారే దానిని భరింపవలెను.

అంగడిలో చూడవలసినవి

మార్కరును వెంట గొనిపొండు. లోడరు మెడను మార్కరు మెడలో పెట్టి చూడుడు. వదులైనచో పరుగెత్తునపుడు ఊడిపడును. బలవంతముగ దూర్చినచో మెడ చీలును. బిగింపుమీట గల మార్కరునకు ఈ చిక్కు తక్కువ. పిమ్మట లోడరు పెట్టిన మార్కరును భుజమున కానించి, ముసుగు ధరించియే గుఱి చూడుడు. చూపున కడ్డము రాకూడదు. ఉపకరణము లేకయే విప్పి తుడువ వీలగునా యని యడుగుడు. బ్యాటరీ ఏ యంగడిలోనైన దొరకు రకమైన మఱియు మంచిది.

ఇంటికి వచ్చిన పిదప గోళీలను లోడరులో నిలువయుంచరాదు. తేమకు జిలటిను ఉబ్బి గోళీలు అంటుకొనును. పగిలిన రంగును తడిగుడ్డతో వెంటనే తుడిచి, బ్యాటరీలు తీసి దాచవలెను.

అన్నిటికంటె ముఖ్యము

ఏ లోడరు కొనినను, దానికంటె ముందు కొనవలసినది ఈ యాటకొఱకే చేసిన ముసుగు. గోళీ వేగము సామాన్యముగ సెకనుకు 300 అడుగులకు మించనీయరు. పెక్కు మైదానములలో ఇంకను తగ్గింతురు. ఆ వేగమున వచ్చినది చర్మముపై కందు మాత్రమే చేయును గాని, కంటికి తగిలినచో చూపే పోవచ్చును. అద్దము మంచు పట్టినను, చెమట క్రమ్మినను, ఆటస్థలమున ముసుగు తీయరాదు. మఱియొక మాట తల్లులందఱును గుర్తుంచుకొనవలెను. లోడరు తీసినంతమాత్రమున మార్కరు ఖాళీ కాదు. ఒక గోళీ లోపలనే మిగిలియుండవచ్చును. మైదానమువారు చూపిన తావున దానిని కాల్చివేసి, వాయువును విడిచి, గొట్టమునకు తొడుగు వేసినపిదపనే ముసుగు తీయవలెను.

మేము కొనినది నలుబది డాలర్ల లోపు వెలగల చిన్న ఎజిటేటరు లోడరు. అంగడివాడు పెద్దది చూపగ, పిల్లయే "నా వ్రేలు సెకనుకు నాలుగే కాల్చునండీ" అని బదులు చెప్పెను. మిగిలిన సొమ్ముతో ఆవిరి పట్టని అద్దముగల ముసుగు నొకటి కొంటిమి. దానితో తల్లి మొగమును కొంత ప్రసన్నమయ్యెను.

తరువాతి ఆదివారమును మనుమరాలు రెండుసార్లు వెలుపలికి వచ్చెను. రెండవసారి మోచేతిపై పసుపు రంగుతో వల దాటివచ్చి నా ప్రక్కన చతికిలబడెను. "ఏమే, మఱల గోళీ రాలేదా?" యని యడిగితిని. ముసుగు తీసి చెమట తుడుచుకొనుచు, "వచ్చింది అమ్మమ్మా. ఈసారి తప్పు నాదే. చాటునుండి మోచేయి బయట పెట్టితిని" అని పకపక నవ్వెను. మానివేసెదనను మాట మఱల నామె నోట నేను వినలేదు.