కారు అద్దానికి నలుపు... జేబుకు చిల్లు!
నాసిరకం ఫిల్ముతో రెండింతల ఖర్చు, రాత్రిపూట ప్రాణభయం

నందిగామ: మెట్ట ప్రాంతంలో ఎండలు ముదిరాయంటే కారు కాస్తా పొయ్యి అవుతుంది. నందిగామ, జగ్గయ్యపేటల్లో 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కాదు. మార్కెట్ యార్డు ముందు గంటసేపు నిలిపిన బండిలోకి ఎక్కితే సీటు చురుక్కుమంటుంది, స్టీరింగు చేతికి అందనివ్వదు. అందుకే కొత్తదో పాతదో కారు ఇంటికి రాగానే చాలామందికి కలిగే మొదటి ఆలోచన అద్దాలకు ఫిల్ము అంటించడం. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. చిక్కంతా చవక బేరంలోనూ, హడావుడి పనిలోనూ ఉంది.

అంటించిన రోజు అద్దం నిగనిగలాడుతుంది. నెల తిరిగేసరికి బుడగలు లేస్తాయి. ఏడాది తిరిగేసరికి నలుపు పోయి వంకాయ రంగు వస్తుంది. అంచులు లేచి దుమ్ము పడుతుంది. చివరికి పీకించడానికి ఒకసారి, కొత్తది వేయించడానికి ఇంకోసారి డబ్బు పోయాలి. ఈలోగా పోలీసులు ఆపితే జరిమానా అదనం.

బుడగలు చెప్పే సంగతి

ఫిల్ము అంటించేది సబ్బునీళ్లతో. అద్దాన్ని కడిగి, తడిపి, ఫిల్ము పరచి, అడుగున ఉన్న నీటిని రబ్బరు పలకతో అంచులకు నెట్టేయాలి. లోపల మిగిలిన కాస్త తేమ రెండు మూడు వారాల్లో ఆరిపోతుంది. కాబట్టి మొదటి వారంలో మసకగానో, చిన్న నీటి పొక్కులుగానో కనిపిస్తే కంగారు అక్కర్లేదు. నెల దాటినా బుడగ అలాగే ఉంటే అది పనివాడి లోపమో, జిగురు లోపమో అనుకోవాలి.

వేలితో తడిమితే గరుకుగా తగిలే చుక్కలు మాత్రం నీళ్లు కావు, దుమ్ము. అవి ఎన్నాళ్లకూ పోవు. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పక్కన, చెట్టుకింద బండి నిలిపి అంటిస్తే మరేమవుతుంది? ఈ పనికి తలుపులు మూసుకునే గది కావాలి. రోడ్డు పక్క అరుగు చాలదు.

వంకాయ రంగుకు కారణం వేరు. చవక ఫిల్ములో నలుపు ఉత్త రంగు అద్దకమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలి ఆ రంగు విరిగిపోతుంది. పంచెకు వేసిన కచ్చా రంగు ఉతుకులో పోయినట్టే ఇదీను.

పనివాడి చేతివాటం చూడటానికి మరో రెండు గుర్తులున్నాయి. అద్దం మీదే బ్లేడుతో ఫిల్ము కోస్తే గాజు మీద గీత పడుతుంది, రబ్బరు బీడింగు తెగుతుంది. డోరుకు గుడ్డ కప్పకుండా నీళ్లు చిమ్మితే అద్దాల స్విచ్చిలోకి తడి దిగుతుంది. ఈ రెండూ ఫిల్ము ఖరీదు కంటే పెద్ద నష్టాలు.

నలుపు వేరు, చలువ వేరు

ఎంత నలుపయితే అంత చల్లన అన్నది మన దగ్గర బలంగా పాతుకున్న నమ్మకం. నిజానికి ఎండ మోసుకొచ్చే వేడిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. ఉత్త నల్లరంగు ఫిల్ము కంటికి కనిపించే వెలుగును ఆపుతుందే తప్ప ఈ కిరణాలను పెద్దగా ఆపదు. పైగా నలుపు వేడిని తాగి అద్దాన్నే కాల్చేస్తుంది. పరారుణ కిరణాలను ఆపేలా తయారుచేసిన సిరామిక్ రకం ఫిల్ము చూడటానికి దాదాపు తెల్లగా ఉన్నా బండిని చల్లగా ఉంచగలదు. ధర మాత్రం ఎక్కువ. అంటే నలుపు చూసి డబ్బిస్తే మనం కొన్నది చీకటి, చలువ కాదు.

చట్టం లెక్క

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. అవిషేక్ గోయెంకా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు ఇస్తూ, ఎంత శాతమైనా సరే అద్దాలకు నల్ల ఫిల్ము అంటించరాదని ఆదేశించింది. ఆ ఏడాది మే 4 నుంచి అది అమలులోకి వచ్చింది. జడ్ ప్లస్, జడ్ తరగతి భద్రత ఉన్నవారికే మినహాయింపు.

తరువాత కేంద్రం నిబంధన మార్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణలో గాజుతో పాటు ‘సేఫ్టీ గ్లేజింగ్’ అనే మాట చేరింది. దీని ఆధారంగా 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, 70, 50 శాతాల హద్దు దాటనంతవరకు ఫిల్ము వాడవచ్చని చెప్పింది. దుకాణదారులు ఇప్పుడు ‘కోర్టు ఒప్పుకుంది’ అంటున్నది ఈ తీర్పునే. అది వచ్చింది కేరళలో అని, అది కూడా హద్దుకు లోబడే అని గుర్తుంచుకోవాలి. కారునలుపుకు ఏ కోర్టూ అనుమతి ఇవ్వలేదు.

ఇక్కడే మోసానికి తావుంది. ‘యాభై శాతం ఫిల్ము, చట్టానికి సరిపోతుంది’ అని అమ్ముతారు. కాని హద్దు ఫిల్ముకు కాదు, గాజు ఫిల్ము కలిసిన అద్దానికి. కంపెనీ గాజు 75 శాతం వెలుతురు వదులుతుందనుకుందాం. దాని మీద 50 శాతం ఫిల్ము పడితే 75లో సగం, అంటే ముప్పై ఏడున్నర శాతమే లోపలికి వస్తుంది. అది హద్దుకు తక్కువ. అదే గాజుకు 70 శాతం ఫిల్ము వేస్తే 52 శాతం పైచిలుకు వస్తుంది. పక్క అద్దాలకు అది చాలు. ముందు అద్దానికి అదీ పనికిరాదు.

మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద, 2019 సవరణ తరువాత, మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ దొరికితే 1500 వరకు జరిమానా ఉంది. ఫిల్ము అక్కడికక్కడే పీకేస్తారు కూడా.

రాత్రి రోడ్డు మాట

జరిమానా చిన్న మాట. జగ్గయ్యపేట నుంచి కంచికచర్ల దాకా 65వ నంబరు జాతీయ రహదారి మన ఊళ్ల మీదుగానే పోతుంది. పొలం నుంచి మిర్చి, పత్తి వేసుకుని వచ్చే ట్రాక్టరు ట్రక్కుకు వెనక లైటు ఉండదు. గేదెలు రోడ్డు దాటుతుంటాయి. ఎదుటి లారీ లైట్ల వెలుగులో కళ్లు మూసుకుపోతాయి. అలాంటప్పుడు పక్క అద్దంలోంచి వచ్చే వెలుతురు మూడో వంతుకు పడిపోతే, మలుపు తిరిగే చోట మోపెడ్ మీద వచ్చే మనిషి కనిపించడు. కారులో ఉన్నవారి కంటే రోడ్డు మీద నడిచేవారికే ముప్పు ఎక్కువ.

చెడిన పనికి విరుగుడు

బుడగ లేచింది కదా అని సూదితో పొడవడం, ఇంట్లో బ్లేడు పెట్టి గీకడం చేయకండి. వెనక అద్దం లోపల సన్నని గీతలుంటే అవి మంచు కరిగించే తీగలు. బ్లేడు తగిలితే తెగిపోతాయి. వేడిగాలో ఆవిరో పట్టి జిగురు మెత్తబడ్డాక మూల నుంచి నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురును సబ్బునీళ్లతో నానబెట్టి ప్లాస్టిక్ చెక్కతో తీయాలి. అలవాటు ఉన్నవారి చేత చేయించుకోవడం మేలు.

పీకించే ముందు మాత్రం లోపాలకు వెలుతురులో ఫొటోలు తీసుకోండి. బిల్లు, వారంటీ కార్డు జతచేసి, దుకాణదారుకు తేదీ వేసి కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి. తిరిగి చేసిస్తానంటే సరే. కాదంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. అక్కడా తెగకపోతే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం దుకాణం ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. పొట్టకూటికి సొంతంగా టాక్సీ నడుపుకునేవారూ వినియోగదారులే.

బిల్లు లేకుండా బేరమాడినవారికి ఈ దారి కష్టం. తెలిసి తెలిసి కారునలుపు వేయించుకున్నవారికి మరీ కష్టం.

ముందే అడగండి

ఫిల్ము కంపెనీ పేరు, రకం, వెలుతురు శాతం బిల్లు మీద రాయించుకోండి. ఐఎస్ 2553 ప్రమాణం సంగతి అడగండి. గాజు, ఫిల్ము కలిపి ఎంత వెలుతురు వస్తుందో మీటరు పెట్టి చూపించమనండి. వారంటీ ఎన్నేళ్లో, రంగు మారితే వర్తిస్తుందో లేదో తెలుసుకోండి. అంటించాక నాలుగైదు రోజులు అద్దాలు దించకండి. అమ్మోనియా ఉన్న ద్రవంతో తుడవకండి.

ఇవేవీ చెప్పలేని చోట ‘నలుపు ఎంత కావాలి?’ అని మాత్రమే అడుగుతారు. అక్కడ బండి ఆపకుండా ముందుకు పోవడమే మంచి బేరం. ఈ వేసవికి డబ్బు కూడకపోతే వేపచెట్టు నీడ ఉండనే ఉంది. దానికి బిల్లు లేదు, జరిమానా అంతకన్నా లేదు.